కరువు తీరిన తరువాత

సిద్దిపేటనుండి బడిపిల్లలను విహారయాత్రకు తీసికొనిపోవు ఉపాధ్యాయులకు మెదకు చర్చి క్రొత్త చోటు కాదు. పిల్లలు బస్సు దిగగానే తలలెత్తి 175 అడుగుల శిఖరమును చూతురు. లోనికి పోయి రంగుటద్దాల కిటికీలలో క్రీస్తు జననమును, శిలువను, ఆరోహణమును చూచి అబ్బురపడుదురు. మరునాడు వ్యాసము వ్రాయుమన్నచో పొడవు, వెడల్పు, ఎత్తు తప్పక వ్రాయుదురు. ఆ రాళ్ళను మోసినవారెవరు, ఎందులకు మోసిరి అని వ్రాయువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్ననే నేడు ఉపాధ్యాయుల ముందును విద్యార్థుల ముందును ఉంచదలచితిని.

చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో ఇంగ్లండునుండి సికిందరాబాదుకు వచ్చిన వెస్లియన్ మిషనరీ. కొలది కాలమునకే ఆయన మెదకు చేరి, నైజాము రాజ్యమందలి ఆ చిన్న ఊరినే తన కార్యక్షేత్రముగా చేసికొనెను. చర్చి నిర్మాణము 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. ఆ పదేండ్లలో ప్రపంచయుద్ధము వచ్చెను, ధరలు పెరిగెను, కరువు పల్లెలను పీడించెను. ఆకలిగొన్నవారికి ఊరక అన్నము పెట్టుటకంటె పని చూపి తిండి పెట్టుట మేలని పాస్నెట్ తలచెననియు, చర్చి అట్లే లేచినదనియు ఈ ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. మన జనులు ఇట్టిదానినే కరువుపని అందురు.

ఈ ఆలోచనలో గొప్ప నీతి కలదు. గంజికేంద్రము ముందు గిన్నె పట్టుకొని నిలిచిన మనిషి తల వంచుకొనును. తట్ట మోసి సాయంకాలము కూలి గింజలు కొంగున కట్టుకొనిన మనిషి తల యెత్తుకొని ఇంటికి పోవును. ఇద్దరికిని దొరకినది ఒకే గుప్పెడు గింజలు కావచ్చును. కాని ఒకరు పుచ్చుకొనిరి, ఒకరు సంపాదించిరి. తట్ట ఎత్తలేని ముసలివానికి, రోగికి, బాలింతకు ముందుగా గంజి పోయవలసినదే. తక్కినవారి ఆకలితోపాటు వారి అభిమానమును కూడ కాపాడుట సహాయము చేయువాని ధర్మము.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. దానిని దాటవేయుట న్యాయము కాదు. మిషనరీ పెట్టిన అన్నము మతమునకు ఎర కాదా అని కొందరందురు. ఇందుకు ఒంగోలు చరిత్రను చూడవలయును. 1876–78 నాటి ఘోరమైన కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో కొంత భాగమును కాంట్రాక్టుకు తీసికొని, ఇతరుల క్రింద పనిచేయుటకు జంకిన మాదిగలకును ఇతర పేదలకును త్రవ్వకపు పని కల్పించెను. ఆ సహాయము సాగినన్నాళ్ళు ఆయన బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. అన్నము కొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకూడదని ఆయన ఉద్దేశము. పిదప 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఆ జనసమూహమును నడిపించినది విశ్వాసమా, కృతజ్ఞతయా, తరతరాల అవమానమునుండి బయటపడవలెనన్న తపనయా? ఈ మూడింటిని త్రాసులో వేసి తూచుట ఎవరి తరము? అయినను ఒక విషయము స్పష్టము. ఆకలిగొన్నవాని చేతికి పలుగు ఈయవచ్చును, పార ఈయవచ్చును. షరతు మాత్రము ఈయరాదు. క్లౌ ఆ గీతను గుర్తించి, కొంతకాలమైనను దానికి ఇవతలనే నిలిచెను.

నా మనస్సును వేధించు ప్రశ్న మరియొకటి కలదు. కరువు తీరిన తరువాత, పనిచేసిన వానికి మిగిలినదేమి? ఒంగోలు వైపున పడవలు నడచు కాలువ మిగిలెను. మెదకులో మహామందిరము మిగిలెను. ఆ మిషను పాఠశాలలను, వైద్యశాలను కూడ నడపినది, అది మరువరాదు. కాని చెరువు నీటితో బ్రతికిన తెలంగాణపు రైతుబిడ్డగా నేనడుగుదును: అదే చెమటతో ఒక చెరువు త్రవ్వియుండిన, మరుసటి కరువునాడు ఆ కూలివాని పొలమునకు తడి ఉండెడిది కాదా? మందిరము ఆత్మకు నీడనిచ్చును, నిజమే. పొలమునకు నీరు కావలయును గదా!

ఈ ప్రశ్నకు మంచి సమాధానమొకటి దూరపు జపానులో కనిపించుచున్నది. తొయొహికో కగావా 1888లో కోబే నగరమున జన్మించిన జపాను క్రైస్తవుడు. 1909 క్రిస్మస్ ముందటి దినమున, ఇరువదియొకటేండ్ల వయస్సులో, ఆయన షింకావా మురికివాడకు కాపురము పోయి పేదల నడుమ పేదయై జీవించెను. 1921లో కోబేలో వినియోగదారుల సహకార సంఘము వెలయుటకు మార్గదర్శి అయ్యెను. 1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతమును భూకంపము కూల్చెను. వెనువెంట మంటలు రేగెను. లక్షకుపైగా జనులు మడిసిరి. మెదకులో గోడలు లేచుచున్న ఆ కాలముననే, అచట ఒక మహానగరము బూడిదయ్యెను. కగావా కోబేనుండి బయలుదేరిపోయి, మిక్కిలి నష్టపడిన హొంజో పేటలో గుడారములు వేసి సహాయకార్యము నడపెను. ఆయన 1938లో మదరాసు దగ్గరి తాంబరమున జరిగిన క్రైస్తవ మహాసభకు వచ్చి, 1939 ఆరంభమున గాంధీజీని దర్శించెను, 1960లో మరణించెను.

కథ అచటితో ముగియలేదు. 1995 జనవరి 17న కోబేనే భూకంపము కూల్చెను. ఆరువేలకుపైగా ప్రజలు మరణించిరి. 1921 నాటి మొలకనుండి పెరిగిన సహకార సంఘపు ప్రధాన కార్యాలయము కూడ కూలిపోయెను. అయినను సంఘము వెంటనే దుకాణములు తెరచి జనులకు తిండిని, నిత్యావసర వస్తువులను అందించెను. ఈసారి సహాయము చేసినది పరదేశపు దాత కాదు. ఆ ఊరి గృహస్థులే సభ్యులైన సంఘము. నాటిన చేయి పోయి ముప్పదియైదేండ్లయినను చెట్టు నీడనిచ్చుచుండెను; ఆ చెట్టు నీడలో కూర్చున్నవారిదే.

కాబట్టి నా అభిప్రాయమిది. అన్నము పెట్టుట సహాయమునకు మొదటి మెట్టు. పని చూపుట రెండవ మెట్టు. పుచ్చుకొన్నవానిని యజమానిగా చేయుట కడపటి మెట్టు. మూడవ మెట్టు ఎక్కని సహాయము ఎంత దయతో చేసినను సగములోనే ఆగినట్లు. ఈ కొలబద్ద మిషనరీలకు మాత్రమే కాదు. ప్రభుత్వములకును, సంఘములకును, తుపానునాడు బియ్యపు మూటలతో బయలుదేరు మనకును వర్తించును.

ఉపాధ్యాయులారా! ఈసారి పిల్లలను మెదకు తీసికొనిపోయినప్పుడు శిఖరపు ఎత్తుతోపాటు ఒక ప్రశ్న కూడ వ్రాయించుడు: “ఈ రాయిని మోసిన తాత ఇంటికి ఏమి తీసికొనిపోయెను?” సమాధానము పుస్తకములో దొరకదు. కాని ఆ ప్రశ్న వేసికొనిన బాలుడు రేపు ఒకరికి సహాయము చేయబోవునాడు, తన పేరు చెక్కిన రాయిని కాక, ఎదుటివాని చేతికి మిగులు ఫలమును తలచును.