సంతకమిచ్చి కొన్న ఉచితము

ఉచితమను మాటకు మన భాషయందు రెండర్థములు గలవు. తగినది అనునది సంస్కృతమునుండి వచ్చిన యర్థము. వెల లేనిది అనునది వాడుకలో మనము కల్పించుకొన్న యర్థము. ఈ రెండును ఒక్కచోట కలిసియుండుట అరుదు. వెల లేదన్నంతనే, అది తగినదా కాదా యని విచారింపక చేయిచాచుట మనకు అలవాటయినది. ఇప్పుడు మన పట్టణములలోని విద్యార్థుల నోట వినవచ్చుచున్న యొక సదుపాయమును గూర్చి ఈ రెండర్థములను విడదీసి చూడవలసిన యవసరము కలిగినది. మొబైలు ఫోనులో ఒక యాప్ వేసికొని, అది చెప్పిన పనులు కొన్ని చేసినచో, వేలరూపాయలు పెట్టినను దొరకని గొప్ప పాటకచేరీలకు టిక్కెట్టు ఉచితముగా లభించునట! చదువుకొన్న పిల్లలు, మంచి పిల్లలు, దీనిని గూర్చి ఉత్సాహముతో చెప్పుకొనుచున్నారు. వారి యుత్సాహమును చల్లార్చుట నా యుద్దేశము కాదు. ఆ టిక్కెట్టునకు తామిచ్చుచున్న వెల యేమో వారికి తెలియవలెనని మాత్రమే నా కోరిక.

ఈ పద్ధతికి పేరుపడిన యుదాహరణము గ్లోబల్ సిటిజన్ అను సంస్థ నడుపు ఉత్సవము. లోకమునందలి కటికదారిద్ర్యమును తొలగింపవలెనని పనిచేయు నీ సంస్థ 2012 సెప్టెంబరు 29న న్యూయార్కు నగరమున సెంట్రల్ పార్కునందు తన మొదటి ఉత్సవమును జరిపినది. నీల్ యంగ్, ఫూ ఫైటర్స్ మొదలయిన పేరుమోసినవారు అందు పాడిరి. టిక్కెట్లలో పెక్కింటిని అమ్మలేదు. వానిని సంపాదింపగోరువారు పేరు నమోదు చేసికొని, అభ్యర్థనపత్రముపై సంతకము చేయుట, మంత్రులకు ఈమెయిలు పంపుట, సామాజిక మాధ్యమములలో ఒక వాక్యము ప్రకటించుట, ఫోను చేయుట, ఏదేని విషయము చదివి ప్రశ్నలకు జవాబు చెప్పుట మొదలయిన పనులు చేయవలెను. పనికి ఇన్నియని పాయింట్లు. తగినన్ని పాయింట్లు చేరినవారి పేర్లు చీట్లు వేసినట్లు వేసి, పేరు వచ్చినవారికి టిక్కెట్టు ఇత్తురు.

ఇదే ఉత్సవము 2016 నవంబరు 19న బొంబాయికి వచ్చినది. బాంద్రా–కుర్లా ప్రాంతమునందలి మైదానమున సుమారు 80,000 మంది కూడిరి. బ్రిటిషు బృందమైన కోల్డ్‌ప్లే ముఖ్యాకర్షణము, అమెరికా గాయకుడు జే-జీ వచ్చెను, మన ఏ.ఆర్. రెహమాను వారితో కలిసి పాడెను. ప్రధానమంత్రి తెరమీదుగా ప్రసంగించెను. విద్య, స్త్రీపురుష సమానత్వము, మంచినీరు, పారిశుద్ధ్యము ఆనాటి ఉద్దేశములు. పెద్దనోట్లు రద్దయి అప్పటికి పదునొకండు దినములు. బ్యాంకుల ముందు జనులు తమ సొమ్మునకై తాము నిలువబడియున్న ఆ రోజులలో, నోటు చూపక సంతకము చూపి లోనికి పోయినవారు వేలకొలదిగా నుండిరి.

అదే కోల్డ్‌ప్లే బృందము 2025 జనవరిలో నవీముంబయిలోను అహమ్మదాబాదులోను పాడినప్పుడు సంగతి వేరు. అప్పుడు టిక్కెట్టు వెల రూ. 2,500 మొదలు రూ. 35,000 వరకు. 2024 సెప్టెంబరులో అమ్మకము తెరచిన దినమున కోటికి పైగా జనులు ఒక్కసారి ఎగబడిరి. మారుబేరమున టిక్కెట్టు లక్షలు పలికినట్లు పత్రికలు వ్రాసినవి. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పడుచువాడు, ఉచితటిక్కెట్టు నిచ్చు యాప్‌ను కల్పవృక్ష మనుకొనుటలో వింత లేదు.

కాని న్యాయవాదివృత్తిలో నున్న వానికి ఉచితమను మాట వినినంతనే ఒక అనుమానము పుట్టును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రతిఫలమనగా సొమ్ము మాత్రమే యని చెప్పలేదు. ఎదుటివాడు కోరినందున మనము చేసిన పని, చేయక మానిన పని, చేసెదమని యిచ్చిన మాట, అన్నియు ప్రతిఫలములే. ఈ లెక్కన యాప్ ఇచ్చిన టిక్కెట్టు దానము కాదు, క్రయము. మనమిచ్చినది సొమ్ము కాదు గనుక ఇచ్చినట్లు మనకు తోచదు, అంతే భేదము.

ఇచ్చినవి రెండు. మొదటిది మన వివరము: పేరు, ఫోను నంబరు, ఊరు, వయస్సు, ఏ పాట విందుము, ఎవరితో మాటాడుదుము అనునవి. దీనిని గూర్చి ఇప్పుడొక చట్టము గలదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటలు వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము ఆరవ సెక్షనులో, సమ్మతి స్వేచ్ఛగను, నిర్దిష్టముగను, తెలిసి యిచ్చినదిగను, షరతు లేనిదిగను, సందిగ్ధము లేనిదిగను ఉండవలెనని యున్నది. చట్టమే అచ్చట నొక ఉదాహరణము చూపినది. వైద్యసలహా నిచ్చు యాప్ ఒకటి మన ఫోనులోని పరిచితుల జాబితాను గూడ చూచుటకు అనుమతి యడిగినదనుకొందము. మనము రెంటికి సరేయన్నను, వైద్యసలహాకు ఆ జాబితాతో పని లేదు గనుక మన సమ్మతి వైద్యసలహా వరకే చెల్లును. పాటకచేరీకిని ఇదే న్యాయము. టిక్కెట్టు పంపుటకు నంబరు కావలెను. మన మేనమామ నంబరు అక్కరలేదు. అడిగినచో నొల్లననవలెను. ఇంతకన్న ఈ విషయమున విస్తరింపను.

రెండవది సంతకము. ఇచ్చటనే నా బాధ.

సంతకమనగా నేమి? గోడకు సున్నము వేసినవాడు కూలికి వేసినను, పుణ్యమునకు వేసినను, ఎవరినో మెప్పించుటకు వేసినను, గోడ తెల్లబడును. గోడ వాని మనస్సు నడుగదు. సంతకము అట్లు కాదు. అది మనస్సే గాని మరియొకటి గాదు. "నాకు ఇది కావలెను, దీనికి నేను నిలువబడుదును" అని చెప్పుటకు తప్ప దానికి వేరు ప్రయోజనము లేదు. ఆ మనస్సు తీసివేసినచో మిగిలినది సిరా. యాప్‌లోనైన సిరా గూడ లేదు, వ్రేలితో నొక్కిన నొక్కు.

మనకు తెలిసిన ఎన్నికల చట్టముతో పోల్చి చూడుడు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షనులో లంచమును నిర్వచించుచు, లంచమనగా సొమ్ము మాత్రమే కాదనియు, సమస్తవిధములైన వినోదములును అందు చేరుననియు స్పష్టముగా వ్రాసినారు. ఓటునకు నోటు పుచ్చుకొనుట మన జిల్లాలలో ఎంత సాధారణమైపోయినదో చెప్పనక్కరలేదు. అయినను అది నేరమని పుచ్చుకొన్నవానికి గూడ తెలియును. ఒక అభ్యర్థి తనకు ఓటు వేసినవారికి పాటకచేరీ టిక్కెట్టు పంచినాడని ఋజువైనచో వాని ఎన్నిక నిలువదు. సంతకము ఎవ్వరిని పదవిలో కూర్చుండబెట్టదు, నిజమే. సంస్థవారి ఉద్దేశము సదుద్దేశమే, అదియు నిజమే. కాని ఓటును చెడగొట్టునది, ఓటు వలెనే మనస్సుమీద నిలిచిన సంతకమును మాత్రము పవిత్రముగా నుంచునా?

నష్టము టిక్కెట్టు పొందిన పిల్లవానికి కాదు. వాడు పాట విని సుఖముగా ఇల్లు చేరును. నష్టము రేపు నిజముగా అవసరము వచ్చి సంతకములు ప్రోగుచేయువారికి. నేను ఉద్యమములలో స్వచ్ఛందసేవకుడనై కాగితములు పట్టుకొని ఇంటింటికి తిరిగినవాడను. కొళాయినీటి కొరకు ఇన్నూరు సంతకములు కూర్చుటకు ఎన్ని వాకిళ్ళు ఎక్కవలెనో, ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పవలెనో ఎరుగుదును. "ఎవరికి పంపెదరు? నా పేరు వ్రాసినందున మా అబ్బాయి ఉద్యోగమునకు భంగము రాదు గదా?" అని యడిగి, ఆలోచించి, మరునాడు రమ్మని, ఆపై చేసిన సంతకమునకు బరువుండును. ఆ కాగితము నందుకొను అధికారికి గూడ ఆ బరువు తెలియును. సంతకములు లక్షలకొలదిగా బహుమానము కొరకు కురియునని ఒకసారి తెలిసికొన్న అధికారి, మన ఇన్నూరింటిని గూడ అదే కళ్ళతో చూచును. "వీరికెవరేమిచ్చిరో!" యను ఆ యొక్క యనుమానముతో బీదవాని అర్జీ బుట్టదాఖలగును. డబ్బు గలవానికి అర్జీతో పని లేదు. వాడు నేరుగా లోనికి పోగలడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేకోద్యమము ఎట్లు పుట్టినదో మన పాఠకులలో పెక్కురు ఎరిగినదే. రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనుచుండిన స్త్రీలు తమ వాచకములోని కథ చదివి, తమ ఊరి సారాకొట్టు మూయించిరి. ఊరినుండి ఊరికి ప్రాకి రాష్ట్రమంతట అలుముకొన్న ఆ యుద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. వారికి పాయింట్లు లేవు, చీట్లు లేవు. మగవాండ్ర తిట్లును, గుత్తదార్ల బెదరింపులును గలవు. ప్రభుత్వము లొంగినది సంఖ్యకా? ఆ సంఖ్య వెనుక నున్నదానికే యని నా నమ్మకము.

దీనికి పిల్లలు చెప్పు సమాధానము నేను వినియున్నాను. "టిక్కెట్టు కొరకే వచ్చితిమి, కాని వచ్చినపిదప మరుగుదొడ్లు లేని బడులను గూర్చి చదివితిమి, అంతకుముందు తెలియదు" అందురు. ఈ మాటను కొట్టిపారవేయలేను. పాట కొరకు గుడికి పోయి భక్తులైనవారు లేరా? కొందరయిననట్లు మారియుందురు. కాని మారినవానిదియు, మారనివానిదియు ఒకే మొత్తములో కలిపి, ఇన్ని లక్షలమంది కోరుచున్నారని ప్రభుత్వముల ముందు పెట్టుటయే తగని పని. మరియొక సంగతి. ఏ బాలిక బడిలో మరుగుదొడ్డి కావలెనని సంతకములు పెట్టించిరో, ఆ బాలికకు ఈ వేడుకలో తావెక్కడ? 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ననుసరించి, తాము స్వయముగా వాడుకొను మొబైలు గల స్త్రీలు మన దేశమున నూటికి 54 మంది మాత్రమే. తక్కినవారి తరపున నగరమువారు నొక్కి, నగరమువారే విని, నగరమువారే ఇండ్లకు పోయిరి.

ఇంతకన్న మేలైన మార్గము లేకపోలేదు. అమెరికాలో 2003లో మొదలయిన రాక్‌కోర్ అను సంస్థ నాలుగు గంటలు సమాజసేవ చేసినవారికి కచేరీ టిక్కెట్టు నిచ్చు పద్ధతి పెట్టినది. 2008లో అది ఒక మొబైలు కంపెనీ తోడ్పాటుతో బ్రిటనులోను ప్రవేశించినది. నాలుగు గంటలు తోట బాగుచేయుటయో, గోడకు రంగు వేయుటయో చేయవలెను. దీనిని నేను తప్పుపట్టను. కంపెనీకి ప్రకటనాలాభ ముండవచ్చును, ఉండనిండు. ముందు చెప్పిన గోడసంగతియే ఇది: రంగు పడినది, చెమట పోసినది, టిక్కెట్టు వచ్చినది, ఇందులో ఎవ్వరి మాటయు అమ్ముడుపోలేదు.

సంగీతము వెలలేక దొరకరాదని నేననుట లేదు. తిరువయ్యారులో పుష్యబహుళ పంచమినాడు త్యాగరాజస్వామి సమాధికడ తెలుగుకృతులు వేలమంది వినుచున్నారు. పాడువారు రుసుము పుచ్చుకొనరు, వినువారు టిక్కెట్టు కొనరు. ఆ సమాధిమందిరమును బెంగుళూరు నాగరత్నమ్మ తాను పాడి కూడబెట్టిన సొమ్ముతో కట్టించినది. మన ఊళ్ళలో శ్రీరామనవమి పందిళ్ళలో పేరుగన్న విద్వాంసుల పాట రిక్షావాడు విన్నాడు, జడ్జీగారు విన్నారు. ఖర్చు ఎవరో భరించిరి. విన్నవానిని బదులుగా ఏమియు అడుగలేదు. ఉచితమను మాటకు రెండర్థములు కలిసిన చోటులు అవి.

కావున ఇట్టి యాప్‌లు నడుపువారికి నా సూచన యొక్కటే. చదివి ప్రశ్నలకు జవాబు చెప్పినవానికి పాయింట్లీయుడు. నెత్తురు దానము చేసినవానికి గాదు గాని, చెట్టు నాటినవానికి, బడి గోడ కడిగినవానికి ఈయుడు. అర్జీమీది సంతకమునకు మాత్రము పాయింటు పెట్టవలదు. దానిని వేరుపుటలో నుంచుడు. దానివలన టిక్కెట్టు రాదని పైననే వ్రాయుడు. అప్పుడు ఎందరు చేయుదురో చూతము. లక్ష వేయి కావచ్చును. ఆ వేయిని పట్టుకొని మంత్రికడకు పోవుటకు నేనును వత్తును.

పిల్లలకు రెండు మాటలు. నొక్కుటకు ముందు ఆ పత్రము చివరవరకు చదువుడు. దానిపై టిక్కెట్టు లేకున్నను సంతకము చేయుదునా యని యడుగుకొనుడు. ఉచితటిక్కెట్టు వచ్చినదని చెప్పి, రుసుము కట్టుమనియు, ఓటీపీ చెప్పుమనియు వచ్చు సందేశములు మోసగాండ్రవి. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

పఠనమందిరముల కార్యదర్శులకు నొక మనవి. మీ బల్లపైకి వచ్చు అర్జీలను వచ్చిననాడే సంతకములకు త్రిప్పక, వారము దినములు చదువుటకుంచి, ఎనిమిదవనాడు కలము పెట్టుడు.