మోటారు పందెములు – ఇంజను పరిశ్రమ

నెక్కొండలో ద్విచక్ర వాహనములను బాగుచేయు మేస్త్రీలతో ఇటీవల మాటలాడితిమి. కార్బొరేటరును విప్పి, పెట్రోలుతో కడిగి, జెట్టును ఊది, ఇంజను చప్పుడును చెవితో వినియే దోషమును పసిగట్టగల పనివాండ్రు వీరు. నేడు పత్తి చేనినుండి వచ్చిన రైతు క్రొత్త బండిని ముందు నిలిపి, "లైటు బందయితలేదన్నా, జర సూడు" అనగా వీరు చేతులు తుడుచుకొని వరంగల్లు షోరూమునకు దారి చూపవలసి వచ్చుచున్నది. నేర్పు తగ్గి కాదు. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి రాగా కార్బొరేటరు చాలవఱకు పోయి, దాని స్థానమున ఇంధనమును చిమ్ము యంత్రమును, దానిని శాసించు ఒక ఇలెక్ట్రానిక్ పెట్టెయు వచ్చినవి. ఆ పెట్టెకు చెవియొగ్గిన వినవచ్చునది యేమియు లేదు.

ఆ పెట్టె చేయు పని చిన్నది కాదు. నిమిషమునకు ఆరువేల చుట్లు తిరుగు ఒంటి సిలిండరు ఇంజనులో క్షణమునకు ఏబది మారులు మంట పుట్టవలెను. ప్రతి మారును ఎంత పెట్రోలు, ఏ ఘడియకు నిప్పు అను రెండు ప్రశ్నలకు అది జవాబు చెప్పవలెను. గాలి యెంత, వేడి యెంత, పొగలో మిగిలిన ప్రాణవాయు వెంత అని యడిగి తెలిసికొని మఱి చెప్పవలెను. ఈ విద్య యెక్కడ ముదిరినదని విచారించినచో, పందెపు బాటలు కనబడుచున్నవి.

1886లో స్టుట్‌గార్టు నగరమున రాబర్టు బాష్ పెట్టినది యొక చిన్న పనిపాక. 1897లో ఆతని మాగ్నెటో మోటారు బండికి అమర్చబడెను. 1903లో ఐర్లండున జరిగిన గోర్డన్ బెన్నెట్ పందెమును బాష్ మాగ్నెటో గల మెర్సిడిస్ బండిపై కామిల్ జెనాట్జి గెలిచెను. ఆ గెలుపు వేయి ప్రకటనల పెట్టు. పదేండ్లు తిరుగకమునుపే ఇంగ్లండు సైతము మాగ్నెటోలకు జర్మనీ ముఖము చూడవలసిన వాడుకకు వచ్చెను. 1914లో యుద్ధము వచ్చెను. శత్రుదేశమునుండి సరకు నిలిచిపోయెను. సూర్యుడస్తమింపని సామ్రాజ్యమునకు విమానములు నడుపుటకు నిప్పురవ్వ పుట్టించు చిన్న యంత్రము కఱవయ్యెను! పిమ్మట వారు ఆ పరిశ్రమను ఆదరాబాదరాగా స్వదేశమున నిలుపుకొనిరి. మనకును ఇట్టి పాఠము జరుగకపోలేదు. 2021లో చిప్పుల కొఱత వలన మన దేశమున మోటారు కర్మాగారములు ఉత్పత్తిని తగ్గించుకొనిన సంగతి మా పాఠకులు మఱచియుండరు.

పందెములలో ఇట్టి తయారీదారు పెరుగుటకు కారణ మొక్కటే యని మా యభిప్రాయము: తప్పు ఆదివారమునాడు బయటపడును, వచ్చు పందెమునాటికి దిద్దవలెను. సాధారణ బండిలో దోషము తెలియుటకు ఏండ్లు పట్టవచ్చును. పందెములో రెండు గంటలు చాలును. 1984 మొదలు వరుసగా మూడేండ్లు ఫార్ములా వన్ సారథుల కిరీటమును గెలిచిన మెక్లారెన్ బండ్లలో ఇంజనును శాసించినది బాష్ వారి ఇలెక్ట్రానిక్ ఏర్పాటే. తరువాత మెక్లారెన్ సంస్థయే యీ విద్యలో తయారీదారుగా ఎదిగెను. ఎంతగా ననగా, 2008 మొదలు ఫార్ములా వన్‌లో ఎల్ల జట్లును, పోటీదారులతో సహా, ఆ సంస్థ శాఖ తయారుచేసిన పెట్టెనే వాడవలెనని నియమము వచ్చెను.

మన హైదరాబాదు ముచ్చట చూడుడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరపు టొడ్డున ఫార్ములా ఈ విద్యుత్ బండ్ల పందెము జరిగెను. జనము వేడుకగా చూచిరి, మేము తప్పు పట్టము. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. మూడవవాడుగా గీటు దాటిన సెబాస్టియన్ బుయెమీ మాత్రము, అనుమతించిన శక్తిని మించి వాడెనన్న కారణమున శిక్షపడి ఆ స్థానమును కోలుపోయెను. ఆ నేరమును పట్టినది కంటితో చూచిన తీర్పరి కాదు, బండిలోని లెక్కల పెట్టె. మన రోడ్డుపై, మన కరెంటు స్తంభముల నడుమ తీర్పు చెప్పిన ఆ విద్యలో మన పాలెంత? మరుసటి యేటి పందెము రద్దయినది. దానిపై రాజకీయ వాదములు మిక్కుటముగా నడచినవి గాని, ఈ ప్రశ్న నడిగినవారు మాకు కానరాలేదు.

మనకు చేతగాదను మాటను మేమంగీకరింపము. 1967లో ఇదే హైదరాబాదున ఇలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ నెలకొన్నది. పశ్చిమ గోదావరి మోగల్లువాడైన అయ్యగారి సాంబశివరావుగారు దానిని నడిపిరి. టి.డి.సి. 12 అను స్వదేశీ కంప్యూటరు అచటినుండి వెలువడెను. కోయంబత్తూరున కరివర్ధన్ మారుతి ఇంజనులతోనే పందెపు బండ్లను కట్టి యువకులకు సారథ్యము నేర్పెను. 1959లో పుట్టిన వరంగల్లు ఇంజనీరింగు కళాశాల నెక్కొండకు రైలులో గంట దూరము కూడ లేదు. అచట చదివినవారిని తీసికొనుటకు విదేశీ మోటారు సంస్థల శాఖలు సిద్ధముగా నున్నవి. జీతములు మంచివే, పోవలదని మేమనము. కాని కౌలుదారు ఎంత బాగుగా దున్నినను పట్టా పటేలు పేరనే యుండును గదా! ఆ పెట్టెలోనికి మన పిల్లలు వ్రాయు లెక్కలకును అదే గతి.

ఫార్ములా వన్‌కు పెట్టె తయారు చేయుడని మేము చెప్పుట లేదు. విద్యార్థులు కట్టు పందెపు బండ్లున్నవి, మద్రాసు చెంత ద్విచక్ర పందెములున్నవి. వానికి వలసిన పెట్టెలు కొన్ని వందలే. ఆరంభమునకు అంతకన్న తగిన బేరము లేదు. వరంగల్లున ఎవరైన ఒక చిన్న పనిపాకను తెఱచినచో, ప్రభుత్వము పరీక్షా యంత్రములను అందుబాటులో నుంచవలెను. హైదరాబాదునకు మరల పందెము తెచ్చు ఆలోచన యెన్నడైన కలిగినచో, బండ్ల లెక్కలను మన కళాశాలలకు చూపవలెనని ఒడంబడికలో వ్రాయింపవలెను. ఐ.టి.ఐ.లలో సాయంకాలపు తరగతులు పెట్టి, పాత మేస్త్రీలకు స్కానరు చదువుట నేర్పవలెను. నెక్కొండ మేస్త్రీలు తాము ఆ తరగతికి వత్తుమని, దుకాణము మూసిన తరువాతనైతే మేలని, మాతో చెప్పిరి.