గులాబీ పురుగును గూర్చి పత్తిరైతు తెలియవలసిన లెక్క

"బీటీ విత్తనము చెడిపోయిన"దని పత్తిరైతులు వర్తకుని దూషించుచున్నారు. విత్తనముకంటె నెక్కువగ మారినవి పురుగుల సంతతిలోని పాళ్లు. ఈ సంగతి సభ్యులెల్లరును గ్రహింపవలయును.

ప్రతి పురుగునకును తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటిగ జన్యువులు జతలై వచ్చును. బీటీ విషమును తట్టుకొను జన్యువు రెండువైపులనుండియు సంక్రమించిన గులాబీ పురుగే సాధారణముగ బ్రదుకును. ఒక్కవైపుననే వచ్చినది చచ్చును. 1908లో ఇంగ్లండున హార్డీయను గణితజ్ఞుడును, జర్మనీలో వైన్‌బర్గను వైద్యుడును వేర్వేరుగ జూపిన లెక్క ప్రకారము, అట్టి జన్యువు వేయింట నొకటియైనపుడు తట్టుకొను పురుగు పదిలక్షలలో నొకటి. నూటికొకటియైన పదివేలలో నొకటి. పదింట నొకటియైన నూటికొకటి. జన్యువు పదిరెట్లైన పురుగు నూరురెట్లగును. కావుననే నష్టము మొదట కంటికి గానరాక, పిమ్మట నొక్కసారిగ మీదబడును.

2002లో బీటీ పత్తి మన దేశమున ననుమతింపబడినపుడు, చేనిచుట్టు ఐదు వరుసలుగాని, నూటి కిరువది వంతుల నేలగాని, ఏది హెచ్చైన నంత మామూలు పత్తి వేయవలెనని నియమము. అందు బ్రదికిన మామూలు రెక్కలపురుగుతో, అరుదైన తట్టుకొను పురుగు జతకూడినచో, వాని పిల్లలు బీటీ చేలో చచ్చును. మనవారిలో బెక్కుమంది 450 గ్రాముల బీటీ గింజలు విత్తి, తోడి 120 గ్రాముల పొట్లమును బారవేసిరి. శనగపచ్చపురుగునకు కంది, శనగ మున్నగు పైరులు గలవు. గులాబీ పురుగునకు పత్తియే ముఖ్యాహారము. 2010 నాటికే గుజరాతులో నది మొదటి రకపు బీటీని తట్టుకొనెను. కొలది యేండ్లలో రెండు విషముల రకమునకును లొంగదయ్యెను. అమెరికాలోని అరిజోనా రైతులు 1996 మొదలు మామూలు పత్తిని విడువక వేసిరి. పదియేండ్లలో నా జన్యువు హెచ్చలేదు. 2006 నుండి సంతానశక్తి లేని రెక్కలపురుగులను విరివిగ వదలిరి. 2018లో ఆ దేశపు పత్తిసీమలలో పురుగు నిర్మూలమైనదని ప్రకటింపబడెను.

"పురుగునకు నేనేల మేత వేయుదును?" అని రైతడుగుట న్యాయమే. ఖర్చు వానిది, లాభ మూరిది. జన్యు వరుదుగ నుండుటయు చెరువు నీటివలె నూరుమ్మడి సొత్తే. రెక్కలపురుగునకు గట్లు లేవు గనుక, ఒక్కనివలన నది నిలువదు. కావున నా ఖర్చును సంఘమే పంచుకొనుట ధర్మమని నా యభిప్రాయము.

అయితే, జన్యు విదివరకే ప్రబలిన చోట పొట్లము మాత్రము చాలదు. డిసెంబరు ముగియులోపల పైరు ముగించి, కట్టెను బెరికి నాశనముచేసి, తొలకరిదాక పత్తిలేని కాలము నూరెల్ల పాటింపవలయును. చివరి తీతల కాసపడి యొక్క చేను నిలిపినను, అది యూరికంతకును పురుగుల నారుమడియగును. రాబోవు సభలో సభ్యు లీ విషయమై తీర్మానించి, తేదీ నేర్పరచుకొందురుగాక!