మూడు గంటల విమానం, ఒక రోజు ప్రయాణం

దుబాయి ఎంత దూరమంటే మన ఇండ్లల్ల "మూడు గంటలే" అంటరు. విమానం వరకైతే నిజమే. ముంబై నుంచి దుబాయికి ఆకాశంలో దాదాపు 1,930 కిలోమీటర్లు. విమానం గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతది. ఎక్కుడు, దిగుడు కలిపి మూడు గంటల పైచిలుకు. అదే సోలాపూర్ నుంచి ముంబైకి రైలు దారి సుమారు 455 కిలోమీటర్లే అయినా, చాలా బండ్లకు ఏడెనిమిది గంటలు పడుతది.

టికెట్టు చదివేటప్పుడు ఇంకో చిక్కున్నది. ముంబైలో తెల్లవారుజామున 4.00కు లేచిన విమానం దుబాయిలో 5.40కి దిగుతదని రాసి ఉందనుకోండి. గంటా నలభై నిమిషాలేనా? కాదు. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే రాస్తరు. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక. అది కలిపితే 3 గంటల 10 నిమిషాలు. వచ్చేటప్పుడు తీసేయాలె: అక్కడ రాత్రి 10.00కు ఎక్కి ఇక్కడ 2.30కి దిగితే ప్రయాణం మూడు గంటలే. మస్కట్‌కూ గంటన్నర తేడానే. సౌదీ, కువైట్, ఖతార్‌లకు రెండున్నర గంటలు.

అన్నిటికన్నా పైసలు పోయేది తారీఖు దగ్గర. టికెట్టు మీద 15వ తారీఖు 00.30 అని ఉంటే, పిల్లగాడు 14వ తారీఖు రాత్రే విమానాశ్రయంలో ఉండాలె. రాత్రి పాళీ చేసేటోళ్లకు ఈ లెక్క తెలిసిందే, పాళీ నడుమనే తారీఖు మారుతది. 15 రాత్రి పోయినోళ్లకు విమానం ఉండదు, అప్పు తెచ్చి కొన్న టికెట్టు పైసలు తిరిగి రావడం కష్టం.

విమానానికి మూడు గంటల ముందు చేరాలె. రైలు ఆలస్యమైతే విమానం ఆగదు గనక, ఆ రోజు పొద్దున్నే ముంబైలో దిగేటట్టు బండి చూసుకోండి. దిగినంక కూడా పాస్‌పోర్టు వరుస, సామాను, ఉండే చోటికి బస్సు ఉంటయి. ఇంటి గడప నుంచి అక్కడి గదికి మొత్తం పదహారు, పద్దెనిమిది గంటలు లెక్క పెట్టుకోవాలె.

ఈ లెక్క కష్టకాలంలో ఇంకా అవసరం. ఇంట్ల పెద్దమనిషి పోతే "కొడుకు మూడు గంటల్ల వస్తడు, ఆపుదాం" అని నలుగురూ అంటరు. వాడు సెలవు అడగాలె, టికెట్టు దొరకాలె, ముంబైలో దిగినంక మళ్లీ రైలో బస్సో ఎక్కాలె. అన్నీ కుదిరినా ఒక రోజు. అందుకే ముందు వానికి ఫోను చేసి, టికెట్టు చేతికొచ్చిందా, ఏ టైముదో అడగండి. ఆపాలెనా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోండి. మనం ఒక మాట చెప్పి, వాడు వచ్చేసరికి అంతా అయిపోతే, ఆ బాధ వానికి జీవితమంతా ఉంటది.