ఉలవలున్నాయని శెనక్కాయ అదను వదులుకుంటామా?

శెనక్కాయ కాడ మొదలుపెడతాను. బడి సంగతి అంటే మనలో చానామంది పేజీ తిప్పేస్తారు గదా!

తనకల్లు చుట్టుపక్కల జూన్, జులైలో మంచి పదును దొరికితే శెనక్కాయ విత్తుతాం. ఆగస్టు దాకా వాన రాకుంటే ఉలవలు చల్లుతాం. ఉలవ చెడ్డ పంటేమీ కాదు, బీడు పెట్టేదాని కంటే ఎంతో మేలు. అయితే పదునున్న చేనును, ఎట్లా ఉలవలున్నాయి గదా అని ఎవరైనా వదిలేస్తారా?

పిల్లోళ్ల చదువులో మాత్రం ఆ పనే చేస్తున్నాం. పంట పోయిన ఏడు బెంగుళూరుకు వలస పోతూ, తొమ్మిదో తరగతి పిల్లోణ్ని కూడా తీసుకుపోతాం. "ఓపెన్‌లో కట్టిస్తాంలే సార్" అని అయ్యవారికి చెబుతాం. కొక్కంటి క్రాసులో బస్సు కోసం నిలబడిన ఒక తండ్రి నోట ఈ మాట విన్నాను. ఆయన్ను తప్పు పట్టలేకపోయాను. మేస్త్రీ కాడ అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు.

ఓపెన్ స్కూలు, అంటే 1991లో ఏర్పడిన సార్వత్రిక విద్యాపీఠం, మంచిదే. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి కట్టవచ్చు. 5 సబ్జెక్టులు. పాసైనవి పాసైనట్టే ఉంటాయి, తప్పినవి 5 ఏళ్లలోపు మళ్లీ రాసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరవచ్చు. ఎప్పుడో బడి మాని, ఇప్పుడు చదవాలనుకునే వాళ్లకు ఇది దేవుడిచ్చిన వరమే.

బడిలో ఉన్న పిల్లోడికి మాత్రం నష్టం ఎక్కువ. ఓపెన్ క్లాసులు ఆదివారాలు, సెలవు దినాల్లోనే జరుగుతాయి. బెంగుళూరులో ఇటుకలు మోసే పిల్లోడు వాటికి ఎట్లా వస్తాడు? పైగా కష్టమని లెక్కల సబ్జెక్టు వదిలేస్తారు. లెక్కలు లేని పదితో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసేందుకు వీల్లేదు. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలలో పదిలో మొదటిసారే పాసైన వాళ్లను మార్కుల వరసన తీసుకుంటారు, సర్కారు బడి పిల్లోళ్లకు అదనంగా మార్కులు కలుపుతారు. మన ఊరి బడిలో చదివితే వచ్చే ఈ లాభం మన చేతులతోనే పోగొట్టుకుంటున్నాం. స్థానికత సంగతీ ఉంది. వరసగా చదివిన ఏళ్లకు బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్లు లేకుంటే నివాస ధ్రువపత్రం కోసం తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరగాల.

అమెరికాలోనూ ఇటువంటి పరీక్ష ఉంది. 1942లో, యుద్ధానికి పోయి చదువు ఆగిన సైనికుల కోసం పెట్టినారు. తర్వాత బడి మానిన వాళ్లంతా అదే రాస్తూ వచ్చినారు. జేమ్స్ హెక్మన్ అనే ఆర్థికవేత్త తన తోటి పరిశోధకుడితో కలిసి 1993లో తేల్చిందేమంటే, ఆ పరీక్ష పాసైన వాళ్ల సంపాదన బడి పూర్తి చేసిన వాళ్లంత లేదు, బడి మానిన వాళ్లకు దగ్గరగానే ఉంది. రోజూ టైముకు పోవడం, పట్టిన పని వదలకపోవడం బడిలో అలవాటవుతాయి. ఒక్క పరీక్షతో అవి రావు గదా!

మరి వలస పోక తప్పనప్పుడు ఏం చేయాల? అవ్వ, తాత ఉంటే పిల్లోణ్ని వాళ్ల కాడ వదలండి. వలస పిల్లల సీజనల్ హాస్టల్ సంగతి మండల విద్యాశాఖాధికారిని బస్సెక్కే ముందే అడగండి. ఆడపిల్లను ఒంటరిగా వదల్లేక పెళ్లి చేసే ఇళ్లు మనలో ఉన్నాయి, దాచేదేముంది? ఆ పిల్లను కస్తూరిబా విద్యాలయంలో చేర్పించండి, తిండీ వసతీ అక్కడే. అడ్వాన్సు తీసుకునేటప్పుడే, కూలికి మేమిద్దరమే వస్తాం, పిల్లోడు రాడు అని మేస్త్రీకి తెగేసి చెప్పండి.

ఇంట్లో ఇప్పటికే బడి మానిన పిల్లోడు ఉంటే, దగ్గరి హైస్కూల్లో అడిగి ఓపెన్‌కు కట్టించండి. పాస్ గ్యారంటీ అని వేలు అడిగే వాళ్లకు దండం పెట్టి పంపేయండి. సబ్జెక్టులు రాసేటప్పుడు పక్కన కూర్చొని లెక్కలు ఉన్నాయో లేదో మీరే చూసుకోండి.