టీకాల విషయంలో వైద్యులు మౌనం వీడాలి

"హకీం సాబ్, ఈ సూది వేయిస్తే రేపు పిల్లలకు సంతానం కలగదట, నిజమేనా?" అంటూ ఫోను చేతికిచ్చే తల్లులు మా దవాఖానాకు వస్తూనే ఉంటారు. ఫోనులో ఎవరిదో గొంతు. పేరుండదు, ఊరుండదు. మాట మాత్రం మన ఇంటి భాషలో ఉంటుంది. అందుకే నమ్ముతారు.

2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం బెంగళూరులో ప్రారంభమైంది. కర్ణాటక, తమిళనాడు, పుదుచ్చేరి, గోవా, లక్షద్వీప్‌లలో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలు సుమారు 3.6 కోట్ల మందికి వేయాలన్నది లక్ష్యం. పుదుచ్చేరిలో భాగమైన యానాం కూడా అందులో ఉంది. ఇంతలో వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. తమిళనాడులో గడువు పొడిగించవలసి వచ్చింది.

అదే ఏడాది కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరు తల్లిదండ్రులు, "ఈ టీకా మీరు వేయించుకుంటారా?" అని డాక్టర్ షిమ్నా అజీజ్‌ను అడిగారు. ఆమె వారి ఎదుటే వేయించుకున్నారు. ఆ సంగతి ఫేస్‌బుక్, వాట్సాప్‌ల ద్వారా చాలామందికి చేరింది. పుకారు నడిచిన దారిలోనే నిజాన్నీ నడిపించారన్నమాట.

మన పరిస్థితి ఇంకొంచెం కష్టం. ప్రభుత్వ కరపత్రం కన్నడంలోనో తమిళంలోనో వస్తుంది. తెలుగు, ఉర్దూ తప్ప రాని తల్లికి అది చేరదు. పుకారు మాత్రం చేరుతుంది. కనుక మన భాష తెలిసిన డాక్టర్లు, నర్సులు, హకీములు ఫోనులో కూడా పలకాలి. ఇది వారి బాధ్యత అని నా అభిప్రాయం.

"యునానీ వారికి టీకాతో ఏం పని?" అని కొందరంటారు. తట్టు వేరు, మశూచి వేరు అని వెయ్యేళ్ల కిందటే గ్రంథం రాసి వివరించినవారు మన అల్ రాజీ. తట్టు సోకిన బిడ్డకు ఉన్నాబ్, ఖాక్సీ ఇవ్వడం మన వైద్యంలో వాడుక. కానీ అవి తట్టును రాకుండా ఆపలేవు. తట్టు ముదిరితే న్యుమోనియా రావచ్చు, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. గర్భిణికి రుబెల్లా సోకితే పుట్టే బిడ్డకు గుండె, కన్ను, చెవి దెబ్బతినవచ్చు. ఆపేది టీకాయే. ఈ మాట హకీం చెప్పకుంటే, అతని మౌనాన్ని జనం పుకారుకు మద్దతుగా తీసుకుంటారు.

అయితే చెప్పే తీరు ముఖ్యం. తల్లులను తెలివితక్కువవారని కసరకూడదు. టీకా తర్వాత కొందరికి జ్వరం, ఒంటిమీద దద్దు రావచ్చని, తీవ్రమైన అలర్జీ బహు అరుదని, అందుకే సూది వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారని ముందే చెప్పాలి. దాచిపెడితే రేపు వచ్చే జ్వరమే కొత్త పుకారవుతుంది. సందేశంలో చెప్పినవారి పేరు, దవాఖానా చిరునామా ఉండాలి. రోగుల ఫోటోలు ఎన్నడూ పెట్టకూడదు.

పాఠక సోదర సోదరీమణులారా! పేరులేని గొంతు ఫోనులో వినిపిస్తే ఇంకొకరికి పంపకండి. మీ డాక్టరుకు చూపించి అడగండి. బిడ్డకు 9 నెలలు నిండగానే మొదటి మోతాదు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేయించారో లేదో ఈరోజే టీకా కార్డు తీసి చూడండి.