ఫోటో వెనక పేరు రాయండి

మొన్న ఒక పల్లెలో మన కార్యకర్తలకు ఒక పెద్దమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక ఫోటో తీసి చూపించింది. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నారు. పాత సామానంతా బయట పడేసే పనిలో ఉన్నారు. ఫోటో అంచులు చెదలు తినేసింది. పాక ముందర ముప్పైమంది దాకా మగవాళ్లు, ఒక పక్కన ఐదారుగురు ఆడవాళ్లు. మధ్యలో ఒకాయన చేతిలో కర్రకు కట్టిన జెండా. "ఇది మా నాయన కాలంలో జరిగిన సభయ్యా. ఇదిగో ఈ కూచున్నాయన మా నాయన. మిగతావాళ్లు ఎవరెవరో చెప్పేవాళ్లంతా పోయారు" అంది. వెనక్కి తిప్పి చూశాం. ఖాళీ. ఊరు లేదు, తేదీ లేదు, ఒక్క పేరు లేదు.

ముప్పైమంది భయం విడిచి ఒకచోట చేరిన రోజు అది. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లుంటారు. దొర చూస్తే ఏం జరుగుద్దోనని తెలిసీ వచ్చినవాళ్లుంటారు. ఇవాళ వాళ్లెవరో వాళ్ల మనవళ్లకే తెలియదు. అదే కాలంలో జమీందార్లు అంబారీల మీద ఊరేగిన ఫోటోలు మాత్రం అద్దాల బీరువాల్లో, కింద పేర్లూ బిరుదులతో సహా భద్రంగా ఉన్నాయి.

అందుకే ఈసారి సంపాదకీయం ఫోటోల గురించి. భూమి సంగతి, కూలి సంగతి, దాడుల సంగతి ఇన్ని ఉండగా ఈ ఫోటోల గోల ఏందని కొందరనొచ్చు. చివరిదాకా చదివి అనండి.

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. రెండోది 1939లో మొదలైంది. నడుమ ఉన్న ఈ ఇరవై ఏళ్లలో దేశదేశాల జనం వీధుల్లోకి వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే చేతిలో ఇమిడే కెమెరాలు వచ్చాయి. జర్మనీలో తయారైన లైకా కెమెరా 1925లో బజారుకొచ్చింది. పత్రికలు ఫోటోలు విరివిగా అచ్చేశాయి. సినిమా హాళ్లలో వార్తాచిత్రాలు ఆడాయి. జనసమూహమూ కెమెరా ఒకచోట కలిస్తే దాని బలమెంతో పాలకులు త్వరగానే కనిపెట్టారు. మనం ఆలస్యంగా కనిపెట్టాం. ఆ ఆలస్యానికి ఇప్పటికీ మూల్యం కడుతున్నాం.

ముందు పాలకుల ఫోటోలు చూద్దాం. నాజీ పార్టీ 1933 నుంచి 1938 దాకా ఏటా న్యూరెంబర్గ్ పట్నంలో మహాసభలు జరిపింది. 1934 సభను హిట్లర్ కోరిక మీద లేనీ రీఫెన్‌స్టాల్ అనే ఆమె సినిమాగా తీసింది. నూటయాభైకి పైగా మనుషులు ఆ పనిలో ఉన్నారు. పైనుంచి తీయడానికి జెండా స్తంభానికి లిఫ్టు బిగించారు. సభ జరుగుతుంటే బొమ్మ తీశారనుకోవద్దు. బొమ్మకు అనువుగా సభనే పేర్చారు. ఆ ఫోటోల్లో మనిషి ముఖం కనపడదు, వరసలు కనపడతాయి. లక్షమంది చీమలు, ఒక్కడే కొండ. చూసినవాడికి రెండే దారులు మిగలాలి: ఆ వరసలో కలవడం, లేదా దాన్ని చూసి వణకడం.

మరుసటి ఏడు, 1935 సెప్టెంబరు 15న, అదే ఊళ్లో, అలాంటి సభల్లోనే యూదుల పౌరసత్వం తీసేశారు. యూదులకూ జర్మన్లకూ పెళ్లిళ్లు నిషేధించారు. కులం దాటి పెళ్లి చేసుకున్న పిల్లల్ని నరికి పారేసే నేల మీద బతికే మనకు ఆ చట్టం ఎలాంటిదో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఫోటోలో జెండాలు కనపడతాయి, బూట్లు కనపడతాయి. ఆ చట్టం కనపడదు. కాబట్టి ఏ ఊరేగింపు ఫోటో చూసినా మొదటి ప్రశ్న ఇది: దీన్ని ఎవరు తీయించారు? ఎవరు చూడాలని తీయించారు?

రెండో ప్రశ్న: ఎవరిని కోసేశారు? 1920 మే 5న మాస్కోలో లెనిన్ చెక్క వేదిక ఎక్కి, యుద్ధానికి పోతున్న సైనికులతో మాట్లాడుతున్న ఫోటో ఒకటుంది. పక్కన మెట్ల మీద ట్రాట్‌స్కీ, కామెనెవ్ నిలబడి ఉన్నారు. స్టాలిన్ కాలం వచ్చేసరికి అదే ఫోటోలో వాళ్లిద్దరూ లేరు. మెట్లు మాత్రం మిగిలాయి. పేదల రాజ్యమని చెప్పుకున్నచోటే ఇంత జరిగితే, పేదల్ని మనుషులుగానే లెక్కపెట్టనిచోట కత్తెర ఎంత పదునుగా ఉంటుందో ఊహించుకోండి. మన దగ్గర అసలు రంగులేసి తుడిచే శ్రమ కూడా పడరు. కెమెరాను వేదిక వైపు తిప్పుతారు, అంతే. వేదిక మీద వాళ్లు, కింద దుమ్ములో మనం. కింద పేర్లు వేదిక వాళ్లవి. మనం "అశేష జనవాహిని". ఆ మాట ఎంత గొప్పగా వినపడుద్దో అంత ఖాళీ మాట. ఒక్కరి పేరూ చెప్పాల్సిన పని తప్పిస్తుంది.

ఇక మూడో ఫోటో. దీన్ని ప్రతి కార్యకర్తా ఒక్కసారైనా చూడాలి. 1936 జూన్ 13, హాంబర్గ్‌లో ఓడలు కట్టే కార్ఖానా. కొత్త ఓడను నీళ్లలోకి దించుతున్నారు. కార్మికులంతా చెయ్యి చాచి నాజీ సలాం కొడుతున్నారు. వాళ్ల మధ్య ఒకే ఒక్కడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేలెత్తి చూపించేదాకా కనపడడు. చూపించాక ఆయన తప్ప ఇంకెవరూ కనపడరు. పాలకుడి కోసం తీసిన ఫోటోలోనే పాలకుడికి ఎదురు నిలిచినవాడు దొరికాడు! అది 1991లో ఒక జర్మన్ పత్రికలో వచ్చాక లోకానికి బాగా తెలిసింది. ఆయన ఆగస్ట్ లాండ్‌మెసర్ అని ఎక్కువమంది అంటారు. ఆయన ఒక యూదు స్త్రీని ప్రేమించి, ఆ నేరానికి జైలుకెళ్లిన మనిషి. కాదు, మా గుస్తావ్ వెగెర్ట్ అని ఇంకో కుటుంబం అంటుంది. ఎందుకీ తగువు? ఫోటో వెనక పేరు లేదు గనక. అంత ధైర్యం చేసిన మనిషి కూడా పేరు రాసినవాడు లేకపోతే ఇద్దరి మధ్య పంచాయితీ అయిపోతాడు. మన పెద్దమ్మ పెట్టెలోని ముప్పైమందికి కనీసం ఆ పంచాయితీ చేసే దిక్కు కూడా లేదు.

అయితే అణగదొక్కబడినవాళ్లే కెమెరాను పిలుచుకుంటే ఏమవుద్ది? అమెరికా నల్లవాళ్లు చేసి చూపించారు. 1920 ఆగస్టులో న్యూయార్క్‌లోని హార్లెం పేటలో మార్కస్ గార్వే సంఘం మహాసభ జరిపింది. వీధుల్లో కవాతు చేశారు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పాతికవేల మంది దాకా కూడారు. నల్లజాతి హక్కుల ప్రకటన చేశారు. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ జెండా తమదని ప్రకటించుకున్నారు. హార్లెంలో జేమ్స్ వాన్ డెర్ జీ అని ఒక నల్ల ఫోటోగ్రాఫరు స్టూడియో నడిపేవాడు. 1924లో గార్వే సంఘం తన ఊరేగింపుల ఫోటోలు తీసే పని ఆయనకు అప్పజెప్పింది. నిన్నటిదాకా గిన్నెలు కడిగినవాళ్లు, బరువులు మోసినవాళ్లు ఆ ఫోటోల్లో ఇస్త్రీ యూనిఫారాల్లో తలెత్తి నడుస్తారు. నర్సు దుస్తుల్లో ఆడవాళ్లు వరసకట్టి నిలబడతారు. వేషాలని నవ్వినవాళ్లు అప్పుడూ ఉన్నారు. నీలం కండువా, కోటు చూసి నవ్వేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు గదా!

ఆ పక్క సంవత్సరమే, 1925 ఆగస్టు 8న, నల్లవాళ్లను చెట్లకు ఉరేసే కూ క్లక్స్ క్లాన్ వాళ్లు అమెరికా రాజధాని వాషింగ్టన్ నడివీధిలో వేలకు వేలుగా కవాతు చేశారు. తెల్ల అంగీలు, ముఖాలకు ముసుగులు లేవు. ఎందుకు దాచుకోవాలి? ప్రభుత్వం తమదే అన్న ధీమా. ఆ ఫోటోలు కూడా ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాటి అమెరికా మొత్తం అర్థమవుద్ది. హార్లెం ఫోటోలు లేకపోయుంటే వాషింగ్టన్ ఫోటో ఒక్కటే చరిత్ర అయ్యేది. అయినా వాన్ డెర్ జీ గాజు నెగెటివులు నలభై ఏళ్లు ఎవరూ అడగక పడి ఉన్నాయి. 1969లో ఒక పెద్ద మ్యూజియం వాటిని ప్రదర్శించింది. అదే ఏడు ముసలాయన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టారు. బొమ్మలకు గోడ మీద చోటు దొరికింది, తీసినవాడికి ఇల్లు దక్కలేదు.

ఇప్పుడు మన నేలకొద్దాం. 1930 మార్చి నెల. బడి పుస్తకంలో ఆ నెల అంటే ఒకే ఫోటో: ఉప్పు సత్యాగ్రహం. మార్చి 12న గాంధీ 78మందితో బయల్దేరాడు. దేశదేశాల విలేకరులు, సినిమా కెమెరాలు వెంట నడిచాయి. ఆ నడక జరగలేదని గానీ, దానికి విలువ లేదని గానీ మేం అనడం లేదు. దానికి పది రోజుల ముందు, మార్చి 2న, నాసిక్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ నాయకత్వాన పదిహేను వేలమంది దాకా కాలారాం గుడివైపు నడిచారు. ఊరేగింపు మైలు పొడవు సాగింది. గుడి తలుపులు మూసేశారు. జనం గోదావరి ఒడ్డుకు పోయి సభ పెట్టుకున్నారు. రాజమండ్రిలో, భద్రాచలంలో మనం చూసే అదే గోదావరి. మర్నాడు నాలుగు వాకిళ్ల దగ్గర తొలి జట్టుగా 125మంది మగవాళ్లు, 25మంది ఆడవాళ్లు కూచున్నారు. శ్రీరామనవమికి రథం దగ్గర వాళ్ల మీద రాళ్లు పడ్డాయి. భావురావు గైక్వాడ్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఆ పోరాటం నడిపారు. చివరకు బాబాసాహెబ్ గుడి వాకిలి వదిలేసి, 1935 అక్టోబరులో యేవలాలో ఆ మతంలో తాను చావనని చెప్పేశాడు.

ఆ మైలు పొడవు ఊరేగింపు ఫోటో మీ పిల్లల పుస్తకంలో ఉందా? 1927లో మహద్ చెరువు నీళ్లు తాగిన జనం ఫోటో ఉందా? మన గోడల మీద ఉన్నవి తర్వాత మన చిత్రకారులు ప్రేమతో గీసిన బొమ్మలు. కెమెరా చెయ్యని పని వాళ్ల కుంచె చేసింది. వాళ్లకు దండం. ఆ తొలి పాతిక మంది ఆడవాళ్ల ముఖాలు మాత్రం కుంచెకు కూడా దొరకవు.

ఫోటో లేకపోతే సభ వృథా అని కాదు. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన 1917లో బెజవాడలో కూడినవాళ్లు పంచములమనే పేరు వద్దన్నారు, మేం ఆది ఆంధ్రులమన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. 1931 జనాభా లెక్కల్లో ఆ పేర్లు ఎక్కాయి. నిజాం రాజ్యం లెక్కల్లో ఆది హిందువులు అనే పేరు ఎక్కింది. సభ తన పని తాను చేసింది. కాకపోతే కాగితం మీద పేరు ఎక్కింది జాతికి. మనుషుల పేర్లు ఎక్కలేదు.

ఇప్పుడు మన చేతుల్లో ఫోన్లున్నాయి. ఏప్రిల్ 14న ప్రతి వాడలో వందల ఫోటోలు తీస్తున్నాం. ఫోన్ పగిలితే పోయాయి. ఫోన్ నిండితే తుడిచేస్తున్నాం. నూరేళ్ల కిందట కెమెరా లేక పోగొట్టుకున్నాం, ఇవాళ కెమెరా ఉండీ పోగొట్టుకుంటున్నాం. అందుకే ప్రతి గ్రామ సంఘం ఈ పనులు మీదేసుకోవాలి.

సభ జరిగిన ప్రతిసారీ రెండు మూడు ఫోటోలు ఎంచి కాగితం మీద వేయించండి. వెనక మెత్తటి పెన్సిల్‌తో ఊరు, తేదీ, ఎందుకు కూడారో, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, తీసిందెవరో రాయండి. సిరా పెన్ను వద్దు, సిరా ముందుకు దిగుద్ది. వంటచేసిన అక్క పేరు, మైకు మోసిన తమ్ముడి పేరు కూడా రాయండి. ఒక ప్రతి సంఘం దగ్గర, ఇంకో ప్రతి వేరే ఇంట్లో పెట్టండి. పాత ఫోటోలకు లామినేషన్ చేయించొద్దు, పాడైపోతాయి. పెద్దవాళ్లు బతికుండగానే పాత ఫోటోలు పట్టుకెళ్లి ముఖాలు గుర్తుపట్టించండి. ఆ పని రేపటికి పెడితే రేపు ఆ మనిషి ఉండకపోవచ్చు. ఒక హెచ్చరిక కూడా: దాడికి గురైనవాళ్ల ముఖాలు, సాక్షుల ముఖాలు ఫోన్లలో అందరికీ పంపొద్దు. దాచుకోవాల్సిన ఫోటో వేరు, పంచాల్సిన ఫోటో వేరు.

పెద్దమ్మ ఫోటో వెనక మనవాళ్లు ఆమె తండ్రి పేరు, ఊరి పేరు పెన్సిల్‌తో రాసి ఆమె చేతికే ఇచ్చి వచ్చారు. మిగతా ముఖాల కోసం చుట్టుపక్కల మూడు పల్లెల్లో ముసలివాళ్లను అడుగుతున్నారు. ఇద్దరు దొరికారు. మీ ఊళ్లో ఎంతమంది పెట్టె అడుగున పడి ఉన్నారో ఈ పక్షంలోనే వెతకండి. దొరికిన పేర్లు మాకు రాయండి, అచ్చేస్తాం.

జై భీమ్!